సపోటా తోటలో తీసిన మట్టి

ఈమధ్య ఊరికే ఒకసారి నేను పనిచేసిన మట్టి పరీక్షల ల్యాబుకు వెళితే, కొత్తగా చేరిన పిల్లలు కుర్చీ వేసి, టీ ఇచ్చి, "మేడమ్, మీరెప్పుడైనా తప్పు రిపోర్టు ఇచ్చారా?" అని అడిగారు. అడిగిన అమ్మాయి మొహం చూస్తే నేను లేదంటానని గట్టి నమ్మకంతో ఉంది. నేను రిటైరయ్యేనాటికి నా గురించి అలాంటి పేరొకటి వాడుకలో ఉంది. ఆ పేరు నేనే తెచ్చుకున్నాను కాబట్టి దాన్ని నేనే పాడుచేసుకోవడం న్యాయం. ఆ రోజు టీ చల్లారిపోతోందని మాట దాటేశాను. ఇప్పుడు చెబుతున్నాను. ఇచ్చాను తల్లీ. ఒక్కటే ఇచ్చాను గానీ, అది కాగితం మీద ఆగిన తప్పు కాదు, గొడ్డలి దాకా వెళ్ళింది.

ముందు నేను ఎక్కడినుంచి వచ్చిపడ్డానో చెప్పాలి. ముంబయిలో పండ్ల రసాలూ డబ్బా పండ్లూ తయారుచేసే ఒక కంపెనీ ల్యాబులో పదిహేడేళ్ళు పనిచేశాను. ఎక్కడో కొండల్లోంచి మాకు పీచ్ పండ్లు వచ్చేవి. మేలైన పీచ్ అంటే మా కంపెనీ దృష్టిలో నొక్కితే దిగనిది, డబ్బాలో ముక్క చెదరనిది, అన్ని ముక్కలూ ఒకే రంగులో ఉండేది. రుచి సంగతి పంచదార పాకం చూసుకునేది. ఆ పాకంలో తీపి ఎంత, పులుపు ఎంత అని కొలవడం నా పని. అన్నేళ్ళలో ఎన్ని డబ్బాలు తెరిచానో లెక్కలేదు, చెట్టునున్న పీచ్‌ని ఒక్కదాన్ని కూడా చూడలేదు. పొద్దున లోకల్ ట్రైన్‌లో నిలబడి వెళ్ళడం, సాయంత్రం నిలబడి రావడం. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, ట్రైన్‌లో సీటు దొరికితే ఆలోచిద్దామనుకున్నాను, దొరకలేదని చెప్పేదాన్ని.

మా అక్క అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు టీచరు. బతు బస్తీలో ఇల్లు కట్టుకుని అక్కడే స్థిరపడింది. సునామీ వచ్చిన ఆ డిసెంబరు ఆదివారం భూమి అదిరి, సముద్రం మీదికొచ్చాక నాలుగు రోజులు దాని గొంతు వినలేదు. అయిదో రోజు ఫోను కలిసింది. "బతికే ఉన్నాంలే. వంటింటి గోడ బీటలిచ్చింది. నువ్వు మాత్రం రాకు" అంది. ఆ మాటతో నాకు వెళ్ళితీరాలని పట్టుదల వచ్చింది. మా ఇంటావంటా చెప్పిన మాట వినే అలవాటు లేదు. ఫిబ్రవరిలో సెలవు పెట్టి చెన్నైలో ఓడెక్కాను.

వచ్చిన మూడో రోజు అక్కతో అబర్డీన్ బజార్‌కి వెళ్ళాను. బస్టాండు దగ్గర ఒకామె బుట్టలో సపోటాలు పెట్టుకుని కూర్చుంది. "డిగ్లీపూర్ సపోటా దీదీ, తిని చూడండి" అని ఒకటి చేతిలో పెట్టింది. వేళ్ళతో కాస్త నొక్కితే రెండుగా విచ్చుకుంది. అక్కడే, జనం మధ్యలో నిలబడి తిన్నాను. చెయ్యంతా జిగురు. ఇందులో తీపి ఎంత శాతం ఉంటుందని నాకు తోచనే లేదు. పదిహేడేళ్ళ తరువాత కొలవకుండా తిన్న పండు అది. అక్క నా మొహం చూసి, "దీనికేదో అయింది, ఇక వెళ్ళదు" అని నవ్వింది. పెద్దవాళ్ళ నోట వచ్చిన మాట ఊరికే పోదు.

అప్పుడు ఇక్కడ మట్టి పరీక్ష చేసే మనుషుల కోసం వెతుకుతున్నారు. భూకంపానికి దక్షిణాన నేల కుంగింది. పొలాల్లోకి వచ్చిన సముద్రం చాలాచోట్ల తిరిగి వెళ్ళలేదు. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు నేల పైకి లేచింది. నీళ్ళు వెళ్ళిపోయాయి గానీ ఉప్పు వదిలిపెట్టి వెళ్ళాయి. ఎవరి నేలలో ఎంత ఉప్పు మిగిలిందో, ఏది సాగుకు పనికొస్తుందో ఏది పనికిరాదో తేల్చాలి. కాలేజీలో నేను చదివింది మట్టి రసాయనమే కాబట్టి ఆరునెలల ఒప్పందం మీద నన్ను తీసుకున్నారు. ముంబయిలో మా పెద్ద సారు ఫోన్‌లో, "ఆరు నెలలు సముద్రం చూసి రా, నీ కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నారు. ఆయన మంచివారు. నేను కుర్చీకి ఎంత విసిగిపోయానో ఆయనకు తెలియదు.

నన్ను డిగ్లీపూర్ పంపారు. రోజంతా బస్సు, మధ్యలో బస్సును పడవెక్కించి దాటించడం. అక్కడ రెండు గదుల ఆఫీసు, ఒక ఉప్పు కొలిచే మీటరు, ఒక జీపు. ఆఫీసరుగారిది కేరళ. హిందీలో కోప్పడేవారు, ఇంగ్లీషులో రాసేవారు, నవ్వాల్సివస్తే కిటికీలోంచి బయటికి చూసేవారు. జీపు డ్రైవరు పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిపెరిగిన తెలుగువాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. నన్ను ఒకరోజు మేడమ్ అనేవాడు, ఒకరోజు దీదీ అనేవాడు. తన పని కానిదంటూ లోకంలో ఏదీ ఉండదని అతని అభిప్రాయం.

ఇక పెద్దమ్మ గురించి. ఆవిడ పేరు రాయను. మేమంతా పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. సిక్కోలు సముద్రపు ఒడ్డునుంచి కొత్త పెళ్ళికూతురిగా ఓడలో వచ్చి, ఇక్కడే అరవయ్యేళ్ళ వయసుకు చేరువైంది. భర్తా కొడుకూ వేటకెళతారు. ఆవిడా కోడలూ చేపలు కోసి, ఉప్పుతొట్లలో ఊరవేసి, ఎండబెట్టి అమ్ముతారు. ఇంటి వెనక, ఉప్పుటేటి గట్టున తొమ్మిది సపోటా చెట్లు. ఆ తొమ్మిదీ ఆవిడ చేత్తో నాటినవి. సునామీ రోజున ఏటి గుండా సముద్రం ఎగదన్ని పెరట్లో మోకాలిలోతు నిలిచింది. రెండు రోజులకు దిగింది. ఆ తరువాత చెట్లు ఆకు మాడ్చుకుని రాల్చేశాయి.

మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళింది ఊరికే పేరు రాసుకోవడానికి. జీపు దిగగానే ఎండుచేపల వాసన ముంచెత్తింది. నేను శాకాహారిని. అప్రయత్నంగా రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పెద్దమ్మ ఎదురొచ్చి, "తెలుగుపిల్లవా? రా తల్లీ, కూకో" అంటూ కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే రాసుకుని, రుమాలు తీయకుండానే జీపెక్కాను. ఈ సంగతి నాకు గుర్తు కూడా ఉండేది కాదు. ఆవిడకు గుర్తుంది.

ఏప్రిల్ చివర మట్టి తీయడానికి మళ్ళీ వెళ్ళాను. పిల్లలూ, ఇక్కడ కాస్త శ్రద్ధగా చదవండి. తోటలో మట్టి ఒక్కచోట తీయకూడదు. వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పదిచోట్ల గుంటలు తీసి, అన్నిటి మట్టీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేసి, మళ్ళీ కలిపి, అర కిలో మిగిలేదాకా ఇలా చేస్తూపోవాలి. ఈ సూత్రం మీకు నేర్పిన మీ సీనియర్లందరికీ నేనే బల్లగుద్ది నేర్పాను. ఆ రోజు నేను ఒక్కచోటే తీశాను.

కారణాలు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. అప్పటికి పొద్దుటినుంచి పన్నెండు తోటలు తిరిగాను. జలగలు చెప్పులోకి దూరాయి. ఆకాశం నల్లబడింది. డ్రైవరు హారన్ కొడుతూ, "దీదీ, బారిష్ వచ్చేస్తాంది, జల్దీ కానియ్! నాలా దాటకపోతే రేపటిదాకా ఇక్కడే!" అని అరుస్తున్నాడు. పెద్దమ్మ ఇంట్లో లేదు, ఆసుపత్రికి వెళ్ళింది. ముసలాయన అరుగు మీద వల బాగుచేసుకుంటూ, "తీసుకో తల్లీ, ఎక్కడైనా తీసుకో" అన్నాడు. పెరడు చూస్తే ముచ్చటగా ఉంది. చేప లేదు, వాసన లేదు, శుభ్రంగా ఊడ్చి ఇసక చల్లి ఉంది. కంచె పక్క మూలన నేల మెత్తగా కనిపించింది. ఇసక పక్కకు నెట్టి పార దించితే చులాగ్గా దిగింది. సంచి నింపుకుని జీపెక్కాను.

ఆ మూలన గడ్డిపరక కూడా లేదు. గోడ మీద సైతం మొక్క మొలిచే ఈ దీవుల్లో గడ్డి మొలవని చోటు చూసి, మట్టి చదువుకున్న మనిషిగా నాకు అనుమానం రావాలి. నేను శుభ్రంగా ఉందనుకున్నాను.

మీటరు పెడితే ముల్లు ఎగిరి అవతలి చివరకు పోయింది. మేం చూసిన తోటలన్నిటిలోనూ అంత ఉప్పు ఎక్కడా లేదు. రెండోసారి కొలిచాను, మూడోసారి కొలిచాను. అదే సంచిలో మట్టిని ఎన్నిసార్లు కొలిస్తే ఏం లాభం? "పండ్ల చెట్లకు పనికిరాని నేల, చెట్లు కోలుకునే అవకాశం లేదు" అని రాసి సంతకం పెట్టాను. సంతకం కింద తేదీ చక్కగా వేశాను.

అదే సమయంలో, ఇళ్ళు పోయినవాళ్ళకు కొత్త ఇళ్ళు కట్టడానికి వచ్చే రేకులూ కంకరా దింపుకునేందుకు జెట్టీకి దగ్గరగా జాగా వెతుకుతున్నారు. పనికిరాని నేల ఎక్కడుందని అడిగితే నా రిపోర్టు చూపించారు. చెట్లు కొట్టేసి చదును చేస్తారు, పెద్దమ్మవాళ్ళకు లోపల అడవి అంచున మరో చోటు ఇస్తారు. చేపలు పట్టేవాళ్ళకు అడవి అంచున చోటు! అది కూడా నాకు అప్పుడు తట్టలేదు.

కబురు తెలిసి జులైలో పెద్దమ్మ ఆఫీసుకొచ్చింది. వానలో తడిసి, బల్ల మీద కూర్చోకుండా గుమ్మంలో నిలబడింది.

"ఏటి తల్లీ, మా మట్టి టెస్టు ఫెయిలయిపోనాదంట?"

"అవును పెద్దమ్మా. ఉప్పు చాలా ఎక్కువగా ఉంది."

"నా సెట్లు సావనేదమ్మా. సిగుర్లేస్తన్నాయి. వొచ్చి సూడు."

"పైకి అలా కనిపిస్తాయి. వేరు చచ్చిపోయి ఉంటుంది. మీటరు అబద్ధం చెప్పదు."

"నలబయ్యేళ్ళయి ఉప్పులో సెయ్యెట్టి బతుకుతన్నాను. ఉప్పేదో, కానిదేదో నాకు తెల్దేటి? ఆ మట్టి నోట్లో ఏసుకుని సూసేను. ఉప్పు నేదు. వోనలకి కడిగేసినాది."

నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. "పెద్దమ్మా, నాలుకతో తేల్చేస్తే ఇంక మా ల్యాబులెందుకు?" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆవిడ కొంగు పిండుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టులో వాన తెరిపిచ్చిన ఒక ఉదయాన చెట్లు కొట్టడం మొదలన్నారు. పరీక్ష చేసినదాన్ని కాబట్టి నేనూ వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టాలి. పది గంటలకు రమ్మన్నారు. డ్రైవరుకు జెట్టీ దగ్గర ఏదో పనుండి నన్ను ఎనిమిదింటికే దింపేసి పోయాడు. నేను వస్తానని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెరట్లో పందిళ్ళ నిండా కవ్వళ్ళ చేపలు ఎండుతున్నాయి. వరసగా నాలుగు ఉప్పుతొట్లు. ఏటివైపునుంచి ఏవో దెబ్బలు వినిపిస్తే ఎవరో పడవ బాగుచేసుకుంటున్నారనుకున్నాను. కోడలు ఏడ్చి ఉబ్బిన కళ్ళతో ఒక తొట్టిని లాక్కొచ్చి, కంచె పక్క మూలన వంచి, అందులో ఉన్న ఎర్రటి ఉప్పునీళ్ళన్నీ పారబోసింది.

సరిగ్గా నేను మట్టి తీసిన చోట.

"అమ్మాయీ, రోజూ ఇక్కడే పోస్తావా?" అన్నాను.

"అవునండి. ఇంకెక్కడ పోస్తాం? సెట్ల కాడ పోస్తే అత్త ఊరుకోదు. నానొచ్చిన కాడ్నించీ ఇక్కడే."

"మరి ఏప్రిల్లో నేనొచ్చినప్పుడు ఈ తొట్లేవీ లేవే?"

ఆ పిల్ల తల వంచుకుంది. "మీరొస్తారని తెలిసి అత్త అన్నీ పక్కింట్లో ఎట్టించిసింది. పందిళ్ళు కూడా పీకించిసింది. ముందుపాలి వొచ్చినప్పుడు మీరు రుమాలు అడ్డెట్టుకున్నారు గదండి. మేడమ్‌కి వోసన గిట్టదు, మనోళ్ళ పిల్ల మనింటికొచ్చి ముక్కు మూసుకోకూడదని ఇసక కూడా పోయించినాది."

నలభయ్యేళ్ళ ఉప్పునీళ్ళు తాగిన మూలను నా ముక్కు కోసం కప్పిపెట్టారు. నేను వెళ్ళి ఏరికోరి అక్కడే తవ్వాను.

అప్పుడే తోట అవతలి కొసనుంచి పెద్ద చప్పుడు వినిపించింది. చెట్టు పడిన చప్పుడు. వాన మళ్ళీ పట్టేలోగా ముగిద్దామని కూలీలు తెల్లవారగానే వచ్చేశారట. పరుగెత్తాను. చీర కంచెకు పట్టుకుని చిరిగింది. వెళ్ళేసరికి రెండు చెట్లు నేల మీదున్నాయి. మూడోదాని మొదట్లో ఒక వేటు పడింది. నరికిన మొదళ్ళనుంచి తెల్లటి పాలు కారుతున్నాయి. పడిపోయిన కొమ్మల నిండా లేత చిగుళ్ళు. వేరు చచ్చిన చెట్టుకు పాలెక్కడివి?

"ఆపండి!" అని అరిచాను.

మేస్త్రీ హిందీవాడు. నెమ్మదస్తుడే. "ఆర్డర్ దిఖాయియే మేడమ్" అన్నాడు. కొట్టమని ఆర్డరుంది, ఆపమని ఆర్డరు లేదు. కొట్టమన్న ఆర్డరుకు మూలం నేనేనని, ఆ మూలం తప్పని నా హిందీలో చెప్పబోయాను. అతనికేం అర్థమైందో గానీ, సాబ్ చెబితే ఆపుతానన్నాడు. సాబ్ ఆఫీసులో ఉన్నారు. జీపు జెట్టీ దగ్గరుంది. గొడ్డలి ఎదురుగా ఉంది.

పెద్దమ్మ కాస్త దూరంగా, చేతులు రెండూ నెత్తిన పెట్టుకుని, చతికిలబడి ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్ళి, "తప్పు నాది పెద్దమ్మా. ఉప్పునీళ్ళు పోసే చోట మట్టి తీశాను. నీ చెట్లకేం కాలేదు" అంటూ ఏడ్చేశాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. లేచి ఇంట్లోకి వెళ్ళింది. తిట్టడానికి ఇంకెవరినైనా పిలుచుకొస్తుందేమో అనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, వేటు పడిన మూడో చెట్టు మొదలుకు ఆనించి వేసింది.

"ముందిక్కడ కూకో. తరవాత ఏడుద్దువు."

కూర్చున్నాను. ఆవిడ ఇంకో కుర్చీ తెచ్చుకుని నాలుగో చెట్టు కింద కూర్చుంది. కోడలు చేప కోసే కత్తిపీట తెచ్చుకుని అయిదో చెట్టు కింద కూర్చుని తన పని తను చేసుకోసాగింది. ముసలాయన వల తెచ్చి ఆరో చెట్టుకు కట్టి, చిరుగులు చూసుకోవడం మొదలుపెట్టాడు. మిగతా మూడింటికి ఇరుగుపొరుగు వచ్చారు. మేస్త్రీ కాసేపు చూసి, గొడ్డలి కింద పెట్టి, బీడీ వెలిగించాడు. పెద్దమ్మ కోడలిచేత అతనికి చాయ్ పంపింది. అతనికి కూడా ఆ చెట్లు కొట్టాలని ఉన్నట్టు లేదు.

పది గంటలకు డ్రైవరు వచ్చి, ఈ కొలువు చూసి, నోరు తెరిచి, "దీదీ, ఏటిది, ధర్నానా?" అన్నాడు. సంగతి విని వెంటనే ఆఫీసుకు పరుగెత్తించాడు. మధ్యాహ్నానికి ఆఫీసరుగారిని తీసుకొచ్చాడు.

ఆయన ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. పదిచోట్ల తీయాల్సింది ఒక్కచోట తీశానని, ఎక్కడ తీశానో చూసుకోలేదని అన్నాను. పెద్దమ్మ మధ్యలో అడ్డొచ్చి, "నాను దాసేసేను సాబ్, మేరా గల్తీ హై. సిగ్గుపడి సెప్పనేదు" అంది. "ఆవిడ దాచింది తొట్టిని. పరీక్ష చేయాల్సింది నేను" అన్నాను. ఆయన వెళ్ళి నరికిన మొదళ్ళను వంగి చూశారు. ఆ తరువాత, "నీ ఒప్పందం ముగిసేది ఈ నెలలోనే. ఇది కాగితం మీద రాస్తే దాన్ని పొడిగించమని నేను అడగలేను. తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "అయితే రాయి" అన్నారు.

అక్కడే, ఆ కుర్చీలోనే కూర్చుని రాశాను. ఆయన దగ్గరుండి నాచేత మళ్ళీ మట్టి తీయించారు. ఒక్కో చెట్టు కిందా, మధ్యలోనూ తీసి కలిపాం; ఆ మూలన విడిగా తీశాం. మూడు రోజులకు ఫలితం వచ్చింది. మూలన తప్ప తోటలో ఎక్కడా చెట్టును చంపేంత ఉప్పు లేదు. మూడు నెలల వాన కడిగేసింది. పెద్దమ్మ నాలుక చెప్పిందీ, మీటరు చెప్పిందీ ఒకటే. రేకులు దింపుకోవడానికి జెట్టీకి అవతల వేరే చోటు చూసుకున్నారు.

నా ఒప్పందం పొడిగించలేదు. ఆయన్ని ఇప్పటికీ తప్పుపట్టను. ముంబయి సారుకు ఫోన్ చేస్తే, "సోమవారం వచ్చి కూర్చో" అన్నారు. పెట్టె సర్దుకున్నాను. సిగ్గుతో పెద్దమ్మకు చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నాను. డ్రైవరు తన పని కానిదంటూ ఉండదు కదా, వెళ్ళి చెప్పేశాడు. బస్సుకు గంట ముందు ఆవిడ నా గది గుమ్మంలో ఉంది.

"ఎల్లిపోతన్నావంట?"

"అవును పెద్దమ్మా. ఇక్కడ ఉద్యోగం లేదుగా."

"నా సెట్లు రెండు కొట్టించిసి ఓడెక్కేస్తావేటి? ఆ సోట మొక్కలు ఎవులేస్తారు? నీల్లెవులు పోస్తారు? అయి కాపుకొచ్చిన దాకా నువ్వుండాల. అప్పుడెల్లు. నాను వొద్దన్ను."

సపోటా కాపుకు రావాలంటే నాలుగైదేళ్ళు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. అది శిక్షో, పిలుపో ఆ క్షణాన నాకు తెలియలేదు. పెట్టె పట్టుకుని ఆవిడ వెనక నడిచాను. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి చెబితే, "ఫిబ్రవరిలోనే అనుకున్నాను" అంది.

మూడు నెలలు ఉద్యోగం లేకుండా ఆ ఇంటి పక్క గదిలో ఉన్నాను. మొక్కలు నాటాను, గట్లు వేశాను, పక్వానికొచ్చిన సపోటాను గోకి చూసి గుర్తుపట్టడం, వడ్లలో మాగవేయడం నేర్చుకున్నాను. చేప ముట్టుకోలేదు గానీ, వాసనకు అలవాటుపడ్డాను. ఎప్పుడు అలవాటుపడ్డానో నాకే తెలియదు. నవంబరులో ఆఫీసునుంచి మళ్ళీ పిలుపొచ్చింది. నా నిజాయితీ మెచ్చి పిలిచారని మీరు అనుకోకండి. డిగ్లీపూర్ రావడానికి పోర్ట్ బ్లెయిర్‌నుంచి ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆఫీసరుగారు కాగితం నా చేతికిచ్చి కిటికీలోంచి బయటికి చూశారు.

నేను నాటిన రెండు చెట్లూ అయిదో ఏట కాశాయి. తొలి కాయ మాగవేసి పెద్దమ్మ నా చేతికిచ్చి, "ఇంక ఎల్తే ఎల్లు" అంది. తిన్నాను. వెళ్ళలేదు. ఆవిడ కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నా పదవీ విరమణ సభ పోర్ట్ బ్లెయిర్‌లో జరిగింది. మీరప్పటికి చేరలేదు. పెద్ద పెద్దవాళ్ళు మాట్లాడారు. ఒకాయన నా చేతి రిపోర్టు వేదవాక్యమన్నారు. ఇంకొకాయన, సునామీ తరువాత ఈ దీవుల నేలను నిలబెట్టిన మహిళ అన్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఎనభై ఏళ్ళ పెద్దమ్మ ముందురోజే బస్సులో అంతదూరం వచ్చి, కోడలి పక్కన ముందువరసలో కూర్చుంది. ఎవరో మర్యాదకు మైకు ఇస్తే లేచి నిలబడింది.

"నాను సదువుకోనేదు బాబూ. నాకు తెలిసింది సెప్తాను. మాయి తొమ్మిది సెట్లు. ఈ పిల్ల రెండు కొట్టించిసింది. ఏడు నిలబెట్టినాది. రెండు మల్లీ ఏసి పెంచినాది. అంతే. ఒకటెక్కువ సెప్పను, ఒకటి తక్కువ సెప్పను."

మైకు తిరిగి ఇచ్చేసి కూర్చుంది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం అప్పుడు తలెత్తాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా మీద వచ్చిన రిపోర్టులన్నిటిలో మళ్ళీ పరీక్ష అక్కర్లేనిది అదొక్కటే.